మాట రాయని గడి

బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఆటో ఆగినప్పుడల్లా నాకు మైదా బంక వాసన వస్తుంది. స్తంభాల మీద కాలేజీల అడ్మిషన్ పోస్టర్లు అంటించే మనిషి ఒకడు అక్కడ బకెట్లో బంక కలుపుకుని, అరిగిపోయిన చీపురుతో స్తంభానికి పులిమి, నవ్వుతున్న ర్యాంకర్ల మొహాల మీద ఇంకో కాలేజీ ర్యాంకర్ల మొహాలు అంటించేస్తూ ఉంటాడు. బంకకి పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. ఉడికిన మైదా, మైలుతుత్తం, తడి కాగితం కలిసిన ఆ వాసనకి పక్కన కూర్చున్న తోటి టీచరు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. నేను మాత్రం సిగ్గు లేకుండా గట్టిగా పీల్చుకుంటాను. ఎందుకంటే నేను చరిత్ర నేర్చుకున్న గది ఏడాది పొడుగునా ఆ వాసనే వేసేది.

మాది పామర్రు నుంచి కూచిపూడి వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాలవగట్టు మీద కాసేపు నడిస్తే వచ్చే ఊరు. వేసవంతా ఎండిపోయి పిల్లల ఆటస్థలంగా ఉన్న కాలవకి నీళ్ళు వదిలారని తెలిస్తే చాలు, ఆ మొదటి నీళ్ళతో కొట్టుకొచ్చే ఎండుటాకుల్నీ, తెగిన చెప్పుల్నీ, కొబ్బరి డొక్కల్నీ చూడ్డానికి అందరం గట్టెక్కేవాళ్ళం. ఆకుమళ్ళు పచ్చబడి, నాట్లు పడి, ఊరంతా బురద వాసన వేసే రోజులకి బడి కూడా ఊపందుకునేది. ఆ హైస్కూల్లో మాకు సోషల్ చెప్పిన మాస్టారు బెజవాడ నుంచి వచ్చినవారు. కుర్రతనంలో అక్కడ సినిమా హాళ్ళకి బేనర్లు రాసేవారట. తరవాత బీఈడీ చదివి ఉద్యోగంలో చేరారు గానీ, చేతికంటిన రంగు ఆయన్ని వదల్లేదు. పామర్రు సినిమా హాల్లో ఆట మారిపోయాక అంటించకుండా మిగిలిపోయిన వాల్‌పోస్టర్లు అడిగి తెచ్చుకుని, సైకిల్ వెనక చుట్టలు చుట్టి కట్టుకుని వచ్చేవారు. వాటిని మైదా బంకతో అంచుకి అంచు కలిపి అతికించి, వెనక తెల్లగా ఉన్న వైపు గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేసి, చరిత్ర పాఠాన్ని కథలాగా నడిపించేవారు. క్లాసులో ఈ కిటికీ ఊచల నుంచి ఆ కిటికీ ఊచలకి తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో ఆ పోస్టరు వేలాడదీస్తే ఆ నెలకి అదే మా పుస్తకం.

ఆయన రాజులందరికీ ఒకటే మీసం. శాతవాహనుడైనా, కాకతీయుడైనా, ఆఖరికి బందరు రేవులో దిగిన డచ్చివాడైనా సరే, హీరో నిలబడ్డట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడాల్సిందే. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడితే పోస్టరు వెనకవైపు బొమ్మ కూడా కనపడేది. యుద్ధభూమిలో పడి ఉన్న ఏనుగు పొట్టలోంచి హీరోయిన్ డాన్సు చేస్తుంటే మేం నోరు మూసుకుని నవ్వలేక చచ్చేవాళ్ళం. మాస్టారు వెనక్కి తిరిగి చూసి, "నవ్వండ్రా, ఆ ఏనుగుకేం బాధ లేదు, చచ్చిపోయింది కదా," అని తనూ నవ్వేవారు.

అయితే మేం ఆ బొమ్మల కోసం పడి చచ్చింది ఆ నవ్వుల కోసం కాదు, బుడగల కోసం. ప్రతి మనిషి నోటి పక్కనా మాటలు రాసే బుడగ గీసేవారు గానీ, అందులో ఒక్క అక్షరం రాసేవారు కారు. శనివారం నాడు తలా ఒక గడి పంచేవారు. ఆ గడిలో మనిషి ఏమంటాడో ఇంట్లో పెద్దవాళ్ళని కదిపి, వాళ్ళ నోటి మాట పట్టుకుని, సోమవారం వచ్చి బెంచీ ఎక్కి బుడగలో రాయాలి. పాఠ్యపుస్తకంలో వాక్యం రాస్తే మాత్రం ఒప్పుకునేవారు కారు. ఒకసారి మా క్లాసు లీడరు ఆనకట్ట కట్టే కూలీ నోట్లో 'ఈ ఆనకట్ట వలన డెల్టా సస్యశ్యామలమగును' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తే, మాస్టారు దాని మీద తెల్లకాగితం ముక్క అంటించేసి, "వీడెవడో పుస్తకం మాట్లాడుతున్నాడ్రా. కూలీ ఏడీ? నెత్తిన రాయి ఉంది, కిందన ఇసక కాలుతోంది, వాడేవంటాడో కనుక్కురా పో," అన్నారు. వాడు ఏడుపు మొహంతో వెళ్ళి తాతని అడిగాడు. తాతకి వాళ్ళ తాత చెప్పిన మాటొకటి గుర్తుండి ఉంది. మర్నాడు ఆ కూలీ, "దొరా, రాయి తరవాత మోస్తా, ముందు గంజి పొయ్యమను," అన్నాడు. ఆనకట్ట కట్టినవాళ్ళకి ఆకలి వేసి ఉంటుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తోచలేదు.

అలా ఊళ్ళో ముసలివాళ్ళకి శనివారం సాయంత్రాలు గిరాకీ వచ్చేసింది. గచ్చకాయలు ఆడుకునే పిల్లలం అరుగుల మీద చేరి, పొగచుట్ట వెలిగించుకునే తాతల్నీ, కవ్వం తిప్పే నాయనమ్మల్నీ సతాయించేవాళ్ళం. అట్లతద్ది నాడు తెల్లారకుండానే లేచి గోంగూర పచ్చడీ పెరుగూ కలుపుకున్న చద్దన్నం తిని ఉయ్యాలలూగుతూ కూడా మా ఆడపిల్లల మాట అదే, నీకే గడి వచ్చిందే అని. కళింగ యుద్ధం గడి ఒకటి మా పక్కింటి అమ్మాయికి వచ్చింది. శవాల మధ్య రాజు నిలబడి ఉంటాడు, ఒక ముసలావిడ అతని వంక చూస్తూ ఉంటుంది. ఆ అమ్మాయి వాళ్ళ నాయనమ్మ పేలాలు వేయించడం ఆపకుండానే, "ఇంతమందినీ చంపి ఇంకెవర్ని ఏలతావయ్యా?" అందట. ఆ వాక్యం బుడగలోకెక్కిన రోజు మాస్టారు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ పోస్టరు వంకే చూశారు. నేనూ చూశాను, చరిత్ర చెప్పాలంటే ఇలా చెప్పాలని నాకు ఆ రోజే అనిపించింది.

కార్తీకం వచ్చేది. తెల్లారగట్ల అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదలడం, మంచు, కుండలో తంపట వేసిన తేగల వాసన, వాటి నార పళ్ళల్లో ఇరుక్కుంటే మధ్యాహ్నం దాకా నాలికతో తిప్పుకోవడం, ఊరంతటికీ అదొక పండగ నెల. మా ఇంట్లో మాత్రం ఆ నెల గట్టిగా మాట్లాడకూడదు. మా అమ్మమ్మది దివిసీమ. ఉప్పెనలో ఇల్లూ, గొడ్లూ, పదేళ్ళ కొడుకూ, అంటే మా చిన్న మామయ్యా, సముద్రంలో కలిసిపోతే, మా అమ్మ తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకుంది. ఉప్పెన వచ్చింది కార్తీకంలోనే. మిగతా ఏడాదంతా సున్నుండలు చుట్టే, చింతపండు పిక్కలు తీసే, నా జడకి కనకాంబరాలు అల్లే మనిషి, కార్తీకంలో మబ్బు పడితే చీర కొంగు తీసుకుని మంచం కోడుకి ముడేసుకుని కూర్చునేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళం కాదు. గాలి తగ్గాక తనే ఆ ముడి విప్పుకుని వంటింట్లోకి వచ్చేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మాస్టారు ఉప్పెన బొమ్మలు వేశారు. అది పాఠ్యపుస్తకంలో లేదు. "మన కళ్ళ ముందు జరిగింది చరిత్ర కాదంటే ఇంకేది చరిత్రరా?" అన్నారు. నీళ్ళ గోడ, పడిపోతున్న గుడిసెలు, మెడ పైకెత్తి ఈదుతున్న గేదె, ఆఖరి గడిలో తాడిచెట్టుని కావలించుకున్న ఆడమనిషి, ఆమెకి కాస్త దూరంలో నీళ్ళల్లోంచి పైకి లేచిన పిల్లాడి చెయ్యి. ఆ గడి నాకొచ్చింది. మాస్టారికి మా ఇంటి సంగతి తెలియదు. చెబుదామనుకుని నోరు రాక, ఆ గడిని ఒక కాగితం మీద దించుకుని ఇంటికొచ్చాను.

అమ్మ చూసి మండిపడింది. "నోరు ముయ్యవే. ఆవిణ్ణి కదపమాక. మీ మాస్టారికేం పనీ పాటా లేదా?" అని ఆ కాగితం లాక్కోబోతుంటే, బియ్యంలో రాళ్ళేరుతున్న అమ్మమ్మ చేట పక్కన పెట్టి, "ఏందది, ఇటియ్యి," అంది. కళ్ళజోడు పెట్టుకోకుండానే ఆ బొమ్మని దూరంగా పట్టుకుని చూసింది. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"తాడిచెట్టు కాదమ్మాయ్, తుమ్మచెట్టు. తాళ్ళన్నీ ముందే పడిపోయినయ్," అంది. బొమ్మలో చెట్టు మీద వేలు పెట్టి, "ముళ్ళు గుచ్చుకున్నా తెలవలా," అంది.

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే అడిగాను. "అప్పుడు నువ్వేమన్నావు అమ్మమ్మా?"

"నేనేవన్లా. చిన్నోడు అమ్మా అమ్మా అని పిలుస్తానే ఉన్నాడు. నోరు తెరిస్తే నీళ్ళు. పలకలా. పలికుంటే ఇంకాసేపు పట్టుకునుండేవోడేవో." ఆ కాగితం నా చేతికిచ్చేసి, "అందులో ఏవీ రాయమాక," అని మళ్ళీ చేట దగ్గరికి తీసుకుంది. ఉప్పెన గురించి ఆమె నోటి వెంట నేను విన్నది ఆ రెండు ముక్కలే. అమ్మ కూడా అదే మొదటిసారి వినడం, అదే ఆఖరుసారి.

సోమవారం నేను బెంచీ ఎక్కలేదు. విషయం చెప్పేసరికి మాస్టారి మొహం నల్లబడిపోయింది. రంగు డబ్బా తెచ్చి తాడిచెట్టుని తుమ్మచెట్టు చేశారు, ముళ్ళు ఒక్కొక్కటీ గీశారు. బుడగని అలాగే ఉంచేశారు. పోస్టరు మొత్తంలో మాటలతో కిక్కిరిసిన గడుల చివర ఆ ఒక్క గడి తెల్లగా ఉండిపోయింది. అది మా చేత చదివించినప్పుడు, ఆ గడి దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకుండానే అందరం ఆగేవాళ్ళం. ఎవరూ దగ్గేవాళ్ళు కూడా కారు. నలభై ఏళ్ళు దాటాక కూడా చరిత్ర అనే మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దమే.

తరవాత ఆయనకి బదిలీ అయింది. పోస్టర్లన్నీ చుట్టలు చుట్టి స్టాఫ్‌రూము అటక మీద పెట్టి వెళ్ళారు. కొత్తగా వచ్చిన సోషల్ సారు ప్రశ్నాజవాబులు డిక్టేట్ చేసేవారు. మైదా బంకంటే చెదలకి ప్రాణం, మైలుతుత్తం ఎన్నాళ్ళాపుతుంది? నేను బీఈడీ చదివే రోజుల్లో సెలవులకి ఊరెళ్ళి అడిగితే, అటెండరు అటక మీంచి ఒక చుట్ట దించాడు. చేతిలోకి తీసుకుంటే మట్టి రాలింది. అమ్మమ్మ అంతకు ముందే పోయింది. మాస్టారు రిటైరై బెజవాడలో కొడుకు దగ్గర ఉన్నారని తెలిసి ఒకసారి వెళ్ళాను. చేతులు వణుకుతున్నాయి, నన్ను గుర్తుపట్టలేదు, కాఫీ మాత్రం తాగి వెళ్ళమన్నారు. ఆ ఏడాదే ఆయనా పోయారు.

ఇప్పుడు నేను విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. మా స్కూల్లో సోషల్ అంటే, లెక్కల టెస్టుకీ ఫిజిక్స్ టెస్టుకీ మధ్య పిల్లలు కాస్త తల వాల్చుకునే పీరియడ్. అలాంటిది మొన్నామధ్య మా డీన్ గారు నన్ను పిలిచి, "మేడమ్, ఇప్పుడంతా గ్రాఫిక్ నవలలండీ. హిస్టరీని కామిక్స్‌లో చెబితే పిల్లలకి బాగా ఎక్కుతుందంట. మన బ్రాంచిలన్నిటికీ ఒక బుక్ వేద్దాం, కథ మీరివ్వండి," అన్నప్పుడు నాకు నిజంగా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ళకి మాస్టారి పోస్టరు మళ్ళీ తాడెక్కుతుందనుకున్నాను. ఆనకట్ట రాశాను, కళింగ రాశాను, చివర ఉప్పెన రాశాను. ఆఖరి గడిలో తుమ్మచెట్టు మీద అమ్మమ్మని పెట్టాను. బుడగలు ఖాళీగా ఉంచమనీ, పిల్లలు ఇంట్లో అడిగి నింపుతారనీ, ఈ ఆఖరి బుడగ మాత్రం ఎవరూ నింపకూడదనీ, దాని దగ్గర క్లాసంతా ఊరికే ఒక నిమిషం కూర్చోవాలనీ టీచర్ల కోసం ప్రత్యేకంగా పేజీడు రాసిచ్చాను. నాకు కావలసిందల్లా ఆ ఒక్క గడే. అమ్మమ్మ గురించి ఈ లోకంలో మిగలాల్సింది ఏదైనా ఉంటే అది ఆ ఖాళీయే.

పుస్తకం నిగనిగలాడుతూ వచ్చింది. కంప్యూటర్ మీద వేసిన బొమ్మల్లో అమ్మమ్మ పాతికేళ్ళ పిల్లలా ఉంది, ఉప్పెనలో కూడా జుట్టు చెదరలేదు. పోనీలే అనుకున్నాను. నేను రాసిన పేజీ అందులో లేదు, స్థలం చాలలేదట. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రమ్మని పిల్లలకి చెబితే, మర్నాడు సగం మంది ఫోన్లో వెతికి తెచ్చారు. మిగతా సగం మంది ఇళ్ళల్లో అడగడానికి ఎవరూ లేరు. ఉన్న ఒకరిద్దరు నాయనమ్మలూ టీవీ చూస్తున్నారని చెప్పారు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, "మా తాతకి తెలుసంట మేడమ్, గానీ హోంవర్క్ టైంలో కథలేంటని మమ్మీ తిట్టింది," అన్నాడు. ఆ తాత దగ్గరికి నేనే వెళ్ళాలనుకున్నాను. నేను వెళ్ళేలోపే ఆయన మాట పడిపోయింది.

తరవాత తల్లిదండ్రుల గ్రూపులో గొడవ మొదలైంది. బుడగల్లో తలా ఒకటి రాస్తే కరెక్టు ఆన్సర్ ఏదండీ అని. వాళ్ళని అని ఏం లాభం, పిల్లల్ని మేం అలాగే తయారుచేశాం. డీన్ గారు ఆ బుడగలకి ఆన్సర్ కీ తయారుచేయించి అన్ని బ్రాంచిలకీ పంపించేశారు. ఆనకట్ట కూలీకి ఒక వాక్యం, కళింగ ముసలావిడకి ఒక వాక్యం, అన్నీ ఇంగ్లీషులోనే. తుమ్మచెట్టు మీద మనిషికి, ప్రకృతి వైపరీత్యాలకు మనం ఎల్లప్పుడూ సంసిద్ధంగా ఉండాలి, అని అర్థం వచ్చే వాక్యం. నేను పరుగున వెళ్ళి, సార్, అది ఖాళీగా ఉండాలండీ అన్నాను. అది మా అమ్మమ్మ అని కూడా చెప్పేశాను. ఆయన మంచివాడే, ఒక్క క్షణం బాధగా చూశారు. "నిజమేనండీ మేడమ్, టచింగ్‌గానే ఉంది. కానీ ఖాళీకి మార్కులెలా వేస్తామండీ?" అన్నారు.

వీకెండ్ టెస్టులో ఆ గడినే అచ్చేసి, బుడగ నింపుము అని ఇచ్చారు. పేపర్లు దిద్దడానికి కూర్చుంటే, కట్టలో ప్రతి కాగితం మీదా అమ్మమ్మ అదే ఇంగ్లీషు వాక్యం పలుకుతోంది, ఒక్క అక్షరం తేడా లేకుండా. నాకు ఏడుపు కూడా రాలేదు. పేజీ తిప్పడం, టిక్కు పెట్టడం, మళ్ళీ తిప్పడం. ఆ తిప్పడంలో ఒక కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది. బుడగ తెల్లగా ఉంది. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయిది, మిగతావన్నీ శుభ్రంగా రాసింది, ఇదొక్కటీ వదిలేసింది. ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుంటే, పక్క కుర్చీలో టీచరు ఏమైంది మేడమ్ అని అడిగింది. ఒక్క పిల్లకి అర్థమైంది, చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

స్కూలు వదిలాక ఆ అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "ఇక్కడ ఎందుకేమీ రాయలేదమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల కాగితం చూసి బిక్కచచ్చిపోయింది. "సారీ మేడమ్, టైం అయిపోయింది మేడమ్. ఆన్సర్ వచ్చు మేడమ్, రాత్రి నేర్చుకున్నాను." అంతలో కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, "ఒక్క మార్కు తగ్గితే సెక్షన్ మార్చేస్తారు మేడమ్. డాడీ చంపేస్తారు. రాసేయనా మేడమ్, ప్లీజ్ మేడమ్," అంది.

నేను ఆ పిల్ల మొహం చూశాను. రోజూ తెల్లారకుండా లేచి వ్యానెక్కే పిల్ల, కళ్ళ కింద అప్పుడే చారలు పడ్డాయి. బయట వ్యాను హారను కొడుతోంది. నా పెన్ను తీసి ఆమె చేతికిచ్చాను. కంగారులో వాక్యం గుర్తు రాక తడబడుతుంటే, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మమ్మ ఏమనాలో ఒక్కొక్క మాటే పలుకుతూ నేనే చెప్పాను. గుండ్రటి అక్షరాలతో బుడగ నిండా రాసి, థాంక్యూ మేడమ్ అని పరిగెత్తింది. దాని పక్కన టిక్కు పెట్టి, తరవాతి కాగితం తీసుకున్నాను.